అయస్కాంతానికి కర్ర కనబడదు

వయొలిన్ తయారీదారుల మధ్య ఇప్పుడు బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. వాద్యాన్ని విప్పకుండానే పలక ఎక్కడ ఎంత మందం ఉందో అయస్కాంత గేజ్ చెప్పేస్తోంది కాబట్టి, ఇటలీలోని క్రెమోనాకు చెందిన పాత తయారీదారులు స్ట్రాడివరి, గ్వార్నెరీల గుట్టు ఇక గుట్టు కాదట. కావలసిందల్లా ఒక మంచి పాత వాద్యం కాసేపు చేతికి దొరకడమే. వరసగా కొలతలు తీసుకుంటూ పోతే మందాల పటం తయారవుతుంది. ఆ పటం ప్రకారం, మిల్లీమీటరులో పదో వంతు తేడా రాకుండా కొత్త పలక చెక్కితే నాదం దానంతటదే వస్తుంది. రాకపోతే చెక్కినవాడి చేతిలో లోపమే తప్ప పద్ధతిలో లోపం లేదు.

ఇది ఎవరో ఒకరిద్దరి మాట కాదు. 1890 నుంచి వెలువడుతున్న ‘ది స్ట్రాడ్’ పత్రిక ప్రసిద్ధ వాద్యాల పోస్టర్లను అసలు సైజులో అచ్చువేసి, వాటితో పాటు మందాల కొలతలూ ఇస్తుంది. కొత్త వాద్యాన్ని అమ్మేటప్పుడు మందాల పటం కూడా చేతిలో పెట్టి, ఫలానా స్ట్రాడివరితో పోల్చి చూసుకోమనేవాళ్లు ఉన్నారు. కొనేవాడికి అంకె కనబడితే ధైర్యం, అమ్మేవాడికి అంకె చూపిస్తే సులువు. గేజ్ చూపే అంకెతో నాకు పేచీ లేదు. ఆ అంకె నాదానికి హామీ పత్రం అనే నమ్మకంతోనే నా తగువు.

ముందు పరికరం సంగతి చూద్దాం. ఎక్కువమంది వాడేది హాక్లింగర్ పేరుతో ప్రసిద్ధమైన జర్మన్ గేజ్. ఒక చిన్న అయస్కాంతాన్ని పై పలక మీది ఎఫ్ రంధ్రం గుండా లోపలికి జారవిడుస్తారు. బయట పారదర్శకమైన గొట్టంలో స్ప్రింగుకు తగిలించిన మరో అయస్కాంతం ఉంటుంది. గొట్టాన్ని పలకకు ఆనిస్తే లోపలిది వచ్చి సరిగ్గా దాని అడుగున అతుక్కుంటుంది. ఇక మెల్లగా పైకి లాగాలి. స్ప్రింగు సాగి సాగి, దాని లాగుడు ఆకర్షణను మించగానే టక్కున విడిపోతుంది. ఆ క్షణంలో స్కేలు మీద ఏ గీత దగ్గర ఉందో అదే మందం. పలక పలచగా ఉంటే పట్టు ఎక్కువ, ఆలస్యంగా విడుతుంది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతాల పట్టు చాలా వేగంగా సడలుతుంది కనుక స్కేలు మీద గీతలు సమానంగా ఉండవు. పలచని వైపు ఎడంగా, మందమైన వైపు ఇరుకుగా ఉంటాయి. రెండో రకం ఎలక్ట్రానిక్ గేజ్. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం దీనికి ఆధారం. లోపల చిన్న ఉక్కు గోళీ, బయట అయస్కాంతమూ సెన్సరూ కలిసిన ప్రోబ్. గోళీ దగ్గరైతే సెన్సర్ దగ్గరి అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు మిల్లీమీటర్లుగా తెర మీద పడుతుంది. ప్లాస్టిక్ సీసాల గోడలు కొలవడానికి ఫ్యాక్టరీల్లో వాడే మాగ్నా-మైక్ ఈ రకమే. అక్కడినుంచి వాద్యాల వర్క్‌షాపుల్లోకి వచ్చింది.

రెండు రకాల్లోనూ పట్టించుకోవలసింది ఒక్కటే. అయస్కాంతానికి కర్ర కనబడదు. స్ప్రూస్ అయినా, మేపుల్ అయినా, జిగురైనా, ఖాళీ గాలి అయినా దానికి ఇంచుమించు ఒకటే. అది కొలిచేది లోపలి గోళీకీ బయటి ప్రోబ్‌కీ మధ్య దూరాన్ని. ప్లాస్టిక్ సీసా విషయంలో ఆ దూరమే సర్వస్వం, ఎందుకంటే ఒక ఫ్యాక్టరీలో ఒకే మూసలో పోసిన ప్లాస్టిక్ అంతా ఒకే సరుకు. చెట్టు అలా పెరగదు.

ఆ దూరంలో ఏమేమి కలుస్తాయో చూడండి. బయట వార్నిష్ పొర. లోపల, పగుళ్లు విచ్చుకోకుండా అడ్డంగా అంటించిన చిన్న చిన్న చెక్క ముక్కలు. పై పలకకూ వెనుక పలకకూ మధ్య నిలిపే సౌండ్ పోస్ట్ ఆనే చోట పలక అరిగిపోతే ఆ మేరకు తవ్వి పాత కర్ర తీసి, కొత్త కర్ర పొదుగుతారు. అతుకు నైపుణ్యంగా పెడితే గేజ్‌కు అది అసలు పలకే. లోపలి లేబుల్ కాగితం మీద గోళీ నిలిస్తే కాగితమూ మందమే. ఎండిన జిగురు బొట్టు మీద నిలిస్తే అదీ మందమే. పై పలక లోపల పొడవునా అంటించిన బేస్ బార్ దగ్గరికి రాగానే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. అది తెలుస్తుంది కనుక నష్టం లేదు. తెలియనివే ముంచుతాయి. స్టీలు తీగలూ, ఫైన్ ట్యూనర్లూ, గడ్డం పట్టీ ఇనుప మరలూ దగ్గరుంటే కొలత చెడుతుందని అనుభవమున్న ఏ రిపేరరైనా చెబుతాడు. లాగే చెయ్యి నిటారుగా లేకపోయినా, తొందరపడినా అంతే. అన్నీ జాగ్రత్తగా చూసుకుని, తెలిసిన మందమున్న ముక్కల మీద గేజ్‌ను సరిచూసుకుని కొలిచినా, అటూఇటూ 0.1 మి.మీ. అనుకోవడమే నిజాయితీ.

ఈ లెక్కన పటాల మీద 2.73 అని రాసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ఆ మూడు ఎక్కడిది? కర్ర తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుంటుంది. వయొలిన్ పలకను దుంగ కేంద్రం నుంచి చీల్చినట్టుగా, వార్షిక వలయాలు పలకకు నిటారుగా నిలిచేలా కోస్తారు. అలా కోసినప్పుడు పలక వెడల్పు నిలకడగా ఉంటుంది కానీ, కర్ర ఎక్కువగా ఉబ్బే దిక్కు సరిగ్గా మందం వైపు పడుతుంది. స్ప్రూస్‌లో తేమ ఒక శాతం మారితే ఆ దిక్కున దాదాపు పావు శాతం మార్పు. 3 మి.మీ. పలకలో తేమ 6 నుంచి 14 శాతానికి చేరిందంటే 0.06 మి.మీ. తేడా వచ్చినట్టే. విశాఖలో శ్రావణ మాసపు గాలికీ, హైదరాబాదులో మే నెల గాలికీ మధ్య ఆ దూరం ఉంటుంది. రెండో దశాంశం కొలిచినవాడు వాద్యాన్ని కొలిచాడో, ఆ నాటి వాతావరణాన్ని కొలిచాడో తేల్చుకోవాలి.

సరే, దశాంశాలు పోనివ్వండి. కొలత అక్షరాలా నిజమే అనుకుందాం. అది ఎవరి మందం?

స్ట్రాడివరి 1737లో పోయాడు. ఆయన వాద్యాలు ఆ తర్వాత కచేరీ హాళ్ల అవసరాలకు తగ్గట్టు మారుతూ వచ్చాయి. దాదాపు అన్నిటికీ మెడలు మార్చారు, పొడవు పెంచారు. లోపలి బేస్ బార్ తీసి ఇంకా పెద్దది పెట్టారు. పై పలక విప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరికి చెయ్యి దురద పుట్టింది: ఇంత మందం అక్కరలేదు, కాస్త గీకితే గొంతు తెరుచుకుంటుంది అని. 18, 19 శతాబ్దాల్లో ఇలా పాత పలకల్ని లోపలి నుంచి పలచన చేయడం పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లోనూ మామూలు పనే. గీకినవాడి పేరు చాలావాటి మీద లేదు, గీకకముందు మందం ఎంతో రాసిపెట్టినవాళ్లూ అరుదు. ఈ రోజు ఒక 1715 నాటి వాద్యం మీద గేజ్ పెట్టి 2.2 అని చదివితే, అది స్ట్రాడివరి ఉలి ఆగిన చోటు కావచ్చు, వందేళ్ల తర్వాత పారిస్‌లోనో లండన్‌లోనో ఒక రిపేరరు స్క్రేపర్ ఆగిన చోటు కావచ్చు. గేజ్ ఈ ఇద్దరినీ విడదీయలేదు. దాన్ని మాత్రం ‘స్ట్రాడివరి మందం’ అని పటం మీద రాసేస్తున్నాం.

జెనోవాలో భద్రంగా ఉన్న 1743 నాటి ‘కానోనె’ సంగతి దీనికి తిరగేసిన ఉదాహరణ. వయొలిన్ విద్వాంసుడు పాగనీని వాయించిన గ్వార్నెరీ అది. ఇతరుల స్క్రేపర్ల బారిన పెద్దగా పడకుండా బయటపడ్డ వాద్యాల్లో ఒకటి. దాని పలకలు, ముఖ్యంగా వెనుక పలక, పుస్తకాల్లో ఆదర్శంగా చూపే మందాల కన్నా బాగా ఎక్కువ. పటాల వాదం ప్రకారం అది పలకకూడదు. పాగనీని దానికి ఫిరంగి అని పేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. మందం ఒకటే అయినా, వేరే చెట్టు కర్ర వేరే వాద్యమవుతుంది. పలక వంగకుండా నిలిచే గుణాన్ని, అంటే బిగువును, రెండు అంశాలు నిర్ణయిస్తాయి: కర్ర స్వభావం, మందం. మందం ప్రభావం మామూలుది కాదు, దాని ఘనంతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. 3.0 మి.మీ. పలకను 2.7కు తెస్తే పోయింది పదో వంతు మందమే, కానీ బిగువులో 27 శాతం పోయింది. 2.5 నుంచి 2.4కు వస్తే దాదాపు 11.5 శాతం. ఇక్కడే పటాల వాళ్లు గంతేస్తారు: చూశారా, మందం ఎంత ముఖ్యమో మీరే ఒప్పుకున్నారు! ఒప్పుకున్నాను. లెక్కను చివరిదాకా చేయమంటున్నాను. మీ ముందున్న స్ప్రూస్, మీరు అనుకరిస్తున్న వాద్యంలోని స్ప్రూస్ కన్నా 20 శాతం మెత్తనిది అనుకుందాం. ఒకే అడవిలో పక్కపక్క చెట్ల మధ్య కూడా అంత తేడా ఉంటుంది. అదే బిగువు రావాలంటే మీ పలక 2.5 దగ్గర కాదు, దాదాపు 2.7 దగ్గర ఆగాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా రానివ్వనని ప్రతిజ్ఞ పూనినవాడు, పటాన్ని నమ్ముకున్నందుకే రెండు పదో వంతుల దూరంలో పడ్డాడు. పని ఎంత నిక్కచ్చిగా చేస్తే తప్పు అంత నిక్కచ్చిగా వస్తుంది.

బరువు కూడా అంతే. స్ప్రూస్ సాంద్రత ఒక ముక్కలో 0.36, మరో ముక్కలో 0.44 ఉండటం వింతేమీ కాదు. ఒకే కొలతలకు చెక్కిన రెండు పలకల్లో ఒకటి మరోదానికన్నా 22 శాతం ఎక్కువ బరువు తూగుతుంది. పైగా స్ప్రూస్‌కు నార పొడవునా ఒక బిగువు, నారకు అడ్డంగా అందులో పన్నెండో వంతో, ఇరవయ్యో వంతో మరో బిగువు. వలయాలు నిటారుగా నిలవక కాస్త వాలాయంటే అడ్డపు బిగువు ఇంకా గబగబా పడిపోతుంది. పలక ఉబ్బెత్తు ఎంత, అంచు దగ్గర ఎలా దిగింది అనేవి వేరే. ఇవేవీ గేజ్ తెర మీద రావు. దోసె మందం చూసి పిండి పులిసిందో లేదో చెప్పడమే ఇది.

మందాలే గుట్టయితే ఆ గుట్టు పందొమ్మిదో శతాబ్దంలోనే తెలిసిపోవాలి. పారిస్‌లో వయొలిన్ తయారీదారు జాన్ బాప్తిస్త్ వియోమ్ (1798–1875) గురించి పటాల వాళ్లు ఎందుకు మాట్లాడరో నాకు ఆశ్చర్యం. 1716 నాటి ‘మెస్సయ్య’ స్ట్రాడివరి 1855లో ఆయన సొంతమైంది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నది అదే. దాని మెడనూ బేస్ బార్‌నూ మార్చిన పని ఆయన వర్క్‌షాపులోనే జరిగింది. అంటే పలక విప్పి బల్ల మీద ఉంది. విప్పిన పలకకు అయస్కాంతం ఎందుకు, మామూలు కాలిపర్ చాలు, అదీ ఇంకా నమ్మకంగా. ఇష్టమొచ్చినన్ని చోట్ల కొలుచుకునే వీలు ఆయనకుంది. దాన్ని మళ్లీ మళ్లీ అనుకరించాడు కూడా. అవి మంచి వాద్యాలు, మార్కెట్లో గౌరవంగా అమ్ముడవుతున్నాయి. అయినా స్ట్రాడివరికి ఉన్న స్థానం వాటికి రాలేదు. గేజ్ ఇవ్వగలిగినదంతా, అంతకన్నా మేలుగా, ఆయన చేతిలో ఉండి కూడా ఫలితం ఇది.

ఆ వియోమ్ అందించిన పాత పలకలతోనే భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ సవార్ (1791–1841) ప్రయోగాలు చేశాడు. ఆయన మందాలతో ఆగలేదు. విడి పలక ఏ స్వరంలో మోగుతుందో చూశాడు. స్ట్రాడివరి, గ్వార్నెరీ పలకల్లో వెనుక పలక స్వరం పై పలక కన్నా అర స్వరం నుంచి ఒక స్వరం దాకా ఎక్కువ ఉందని గమనించాడు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలోని న్యూజెర్సీలో కార్లీన్ హచిన్స్ ఆ దారినే పట్టుకుని విడి పలకల స్వరాలను సరిచేస్తూ వందలాది వాద్యాలు కట్టింది. ఆ పద్ధతికీ భక్తులు ఎక్కువయ్యారు, పలకను పక్కలకు అంటించాక ఆ స్వరాలు ఎటు పోతాయన్న ప్రశ్నకు ఇప్పటికీ తృప్తికరమైన సమాధానం లేదు. ఆ పోట్లాట ఇంకోసారి. సవార్ అయినా హచిన్స్ అయినా మందాన్ని గమ్యంగా కాక, గమ్యానికి చేరేదాకా మార్చుకుంటూ పోయేదిగా చూశారన్నదే ఇక్కడ నాకు కావలసినది. గిటార్ల వైపు ట్రెవర్ గోర్ ఇదే పనిని లెక్కగా మార్చాడు. కర్ర ముక్కను తూకం వేయాలి, కొలతలు తీయాలి, తట్టి మోగే పౌనఃపున్యం చూడాలి. వాటినుంచి దాని బిగువు, సాంద్రత లెక్కగట్టి, ఈ ముక్కకు ఎంత మందం తగునో తేల్చాలి. మందం చివర్లో వచ్చే జవాబు. పటాల వాళ్లు ఇంకెవరిదో లెక్కకు వచ్చిన జవాబును తమ కాగితం మీద ఎక్కించుకుంటున్నారు.

స్పెయిన్‌లో అంతోనియో దె తోర్రెస్ 1862లో ఒక గిటార్ కట్టాడు. దాని వెనుక భాగమూ పక్కలూ కర్ర కాదు, కాగితపు అట్ట. పై పలక మాత్రం స్ప్రూస్. గిటార్ గొంతు ఎక్కువగా పై పలకదేనని నిరూపించడానికి చేశాడు. బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది అది. దాని పక్కల మీద గేజ్ పెట్టండి, అంకె చక్కగా వస్తుంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. 2010లో ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వాయిద్యకారుల కళ్లకు అడ్డు కట్టి మూడు పాత ఇటాలియన్ వయొలిన్లూ, మూడు కొత్తవీ వాయించి చూడమంది. 2012లో ఫలితాలు వచ్చాయి: ఏది పాతదో ఏది కొత్తదో నమ్మకంగా చెప్పలేకపోయారు, ఎక్కువగా ఇష్టపడ్డవి కొత్తవే. పటాల వాళ్లు దీన్ని జెండాలా ఊపుతారు. నేటి తయారీదారులు పాతవాళ్లను అందుకున్నారంటే కొలతల పుణ్యమే కదా? కాదు. ఆ ప్రయోగం కొత్త వాద్యాలు బాగున్నాయని చెప్పింది. అవి ఎందుకు బాగున్నాయో చెప్పలేదు, చెబుతానని అనలేదు కూడా. పైగా వాదం వాళ్లకే ఎదురు తిరుగుతుంది. వాయించేవాళ్లు కొత్తదాన్నే మెచ్చుకుంటే, పాతదాని మందాన్ని పట్టుకుని వేలాడటం దేనికి?

పలకల మందం అందరికీ తెలిసిపోయిన తర్వాత కూడా, పరిశోధకులు ఇంకా లోపలికి వెళ్లక తప్పలేదు. 2006లో మొదలైన స్ట్రాడ్3డి ప్రాజెక్టులో ‘టిషన్’ స్ట్రాడివరి వంటి వాద్యాలను సీటీ స్కాన్ చేశారు, లేజర్‌తో కంపనాలు కొలిచారు. 2008లో స్టూల్, బోర్మన్‌లు సీటీ స్కాన్లతో పాత, కొత్త వాద్యాల కర్ర సాంద్రతను పోల్చారు. సగటు సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క ఏటి వలయంలోనే వసంతంలో పెరిగిన మెత్తని భాగానికీ తర్వాత పెరిగిన గట్టి భాగానికీ మధ్య తేడా పాత క్రెమోనా వాద్యాల్లో తక్కువగా కనబడింది. అది నాదానికి ఎంత కారణమో వేరే చర్చ. మందాల పటంలో దానికి చోటే లేదు.

ఇంతా విని, బొటనవేలి శాఖ వారు చప్పట్లు కొట్టవద్దని మనవి. యంత్రాలెందుకు, నా వేళ్లకు తెలుసు, పలకను వంచి చూస్తే చాలు అనేవాళ్లు. విడి పలక చేతిలో ఉన్నంతవరకు వాళ్ల మాటలో నిజముంది. వేళ్లు వంపును, అంటే బిగువునే, తడుముతున్నాయి. డబ్బా మూశాక ఆ వేళ్లకు ఏం తెలుస్తుంది? కట్టిన గిటార్ పై పలక అంచులను బయటినుంచి సన్నగా రుద్దుతూ గొంతు సరిచేసేవాడికి, ఎక్కడ ఆగాలో గేజ్ తప్ప ఇంకేదీ చెప్పదు. తప్పితే పలక కుంగుతుంది. పాత వాద్యం కొనేముందు, ఎఫ్ రంధ్రాల మధ్య భాగం ప్రమాదకరంగా పలచబడిందా, పురుగు తొలిచినచోట అతుకుందా అని అనుమానించడానికి అదే మొదటి సాధనం. కుడివైపు, ఎడమవైపు అంకెలు పొంతన లేకుండా ఉంటే ఎవరో గీకారని పసిగట్టవచ్చు. రోగ నిర్ధారణకు గేజ్ అమూల్యం. దాన్ని జాతకం చూడటానికి వాడుతున్నందుకే నా అభ్యంతరం.

మన వైపు వయొలిన్ కొనేవాళ్లకు ఇంకో మాట. పటాల్లోని వాద్యాలన్నీ పాశ్చాత్య శ్రుతికి, పైతీగ బిగుతుగా లాగి వాయించినవి. కర్ణాటక సంగీతంలో తీగలను స-ప-స-ప గా కూర్చి, గాయకుడి శ్రుతిని బట్టి బాగా కిందికి దించుతాం. పలక మీద పడే ఒత్తిడి తక్కువ, అడిగే పని వేరు. పాశ్చాత్య సోలో కళాకారుడి స్ట్రాడివరి మందాలు చూపించి ఇక్కడ ఫిడేలు అమ్మేవాడు, ఒక బరువుకు లెక్కేసిన పలకను ఇంకో బరువు కింద పెడుతున్నాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. కుండ మీద పలక మూసేశాక లోపలి గోడ మందం బయటికి తెలియదు. ఎవరో ఒక పరిశోధకుడు గేజ్ పట్టుకుని పాత వీణల మందాల పటాలు గీసే రోజు వస్తుంది, రావాలి కూడా. ఆ దుంగ సాంద్రత, ఎన్నాళ్లు ఆరబెట్టారు, నార ఎటు తిరిగింది అన్నవి పక్కన రాయకపోతే, ఆ పటం చూసి చెక్కిన కొత్త వీణ గతీ పైన చెప్పిన స్ప్రూస్ పలక గతే.

కాబట్టి మందాల పటం గీయండి. దాని పక్కనే కొలిచిన రోజు గాలిలో తేమ ఎంతో రాయండి. వాడిన గేజ్ ఏదో, ఏ మందం ముక్క మీద సరిచూశారో రాయండి. అతుకులూ, పగుళ్ల ముక్కలూ కనిపించినచోట గీత గీసి, అక్కడి అంకెలు లెక్కలోకి రావని రాయండి. మొత్తం వాద్యం బరువు రాయండి. కొత్తదైతే మూయకముందు పలక బరువు, అది మోగిన స్వరం, కర్ర సాంద్రత రాయండి. కొత్త వాద్యం అమ్మేవాడు ఈ చివరి మూడూ లేని పటం ఇస్తే, ధర మాట్లాడేముందు వాటిని అడగండి.